డ్రైవర్ మొరాయిస్తోందా? అదీ ఒక ఉద్యోగ పాఠమే!

ఇంట్లో కంప్యూటర్‌కి విండోస్ కొత్తగా ఎక్కించారు. తెర వెలిగింది కానీ ఐకాన్లు ఇంతింత పెద్దగా కనిపిస్తున్నాయి. వీడియో ఆగి ఆగి నడుస్తోంది. ఆటోక్యాడ్ తెరిస్తే కదలడం లేదు. గ్రాఫిక్స్ డ్రైవర్ వేద్దామంటే ‘ఇన్‌స్టలేషన్ ఫెయిల్డ్’ అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటోంది. చూస్తే ఆన్‌లైన్ టెస్ట్ ఎల్లుండే!

తుళ్లూరు, తాడికొండ, అద్దంకి, చీరాల... ఊరేదైనా ఇలాంటప్పుడు చాలామంది చేసే పని ఒక్కటే. సీపీయూని బండి మీద పెట్టుకుని గుంటూరుకో ఒంగోలుకో పరుగెత్తడం. అక్కడ ‘కార్డు పోయింది, కొత్తది వేయాలి’ అన్నారంటే ఇంట్లో వాళ్లకి అనుకోని ఖర్చు. కార్డు నిజంగానే పోయి ఉండొచ్చు. కానీ బాగున్న కార్డుకి సరైన డ్రైవర్ పడకపోయినా లక్షణాలు దాదాపు ఇలాగే ఉంటాయి. ఆ తేడా కనిపెట్టడం ఇంట్లో కూర్చుని మీరే చేయగల పని. డెస్క్‌టాప్ సపోర్ట్, హెల్ప్‌డెస్క్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో పరీక్షించేది కూడా సరిగ్గా ఈ నేర్పునే.

అసలు డ్రైవర్ చేసే పనేంటి?

విండోస్‌కీ గ్రాఫిక్స్ చిప్‌కీ మధ్య దుభాషి లాంటి ప్రోగ్రామే డ్రైవర్. ‘ఈ బొమ్మ గీయి’ అని విండోస్ చెప్పిన మాటను చిప్‌కి అర్థమయ్యే ఆదేశాలుగా మారుస్తుంది. సరైన డ్రైవర్ దొరకనప్పుడు విండోస్ తన దగ్గరున్న ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’తో నెట్టుకొస్తుంది. తెర కనిపిస్తుంది, అంతే. వేగం, పూర్తి రిజల్యూషన్, త్రీడీ పనులు ఉండవు. కాబట్టి ఐకాన్లు పెద్దగా కనిపించినంత మాత్రాన కార్డు చచ్చిపోయినట్లు కాదు.

డ్రైవర్లలో చాలా భాగం ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలాంటి కెర్నెల్ స్థాయిలో పనిచేస్తాయి. అక్కడ చిన్న తప్పు జరిగినా మొత్తం యంత్రం కుప్పకూలుతుంది. 2024 జులై 19న ప్రపంచం చూసింది ఇదే. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్‌ను దాని కెర్నెల్ స్థాయి సాఫ్ట్‌వేర్ చదవగానే దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెర చూపించి ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్కగట్టింది. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో దేశమంతా తిరిగింది. అది గ్రాఫిక్స్ డ్రైవర్ సమస్య కాదు. కానీ ఆ యంత్రాల్లో చాలావాటిని సపోర్ట్ సిబ్బంది ఎలా లేపారో చూడండి: సేఫ్ మోడ్‌లోకి వెళ్లడం, చెడిన ఫైలు గుర్తించి తీసేయడం, మళ్లీ స్టార్ట్ చేయడం. మీ ఇంటి కంప్యూటర్‌లో డ్రైవర్ మొరాయించినా నడిచే దారి ఇదే.

ముందు తీగలు, తర్వాతే ఫైళ్లు

ఏదైనా డౌన్‌లోడ్ చేసే ముందు ఈ మూడూ చూడండి.

* మానిటర్ కేబుల్ ఎక్కడ గుచ్చారు? విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ ఆ కార్డుకే ఉండాలి. మదర్‌బోర్డు సాకెట్లో గుచ్చి, కార్డు పనిచేయడం లేదనుకునేవాళ్లు చాలామంది. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ అక్షరం ఉంటే దానిలో సొంత గ్రాఫిక్స్ ఉండదు. కేబుల్ మదర్‌బోర్డుకి పెడితే తెర అసలు వెలగదు.
* గీతలు, రంగు మచ్చలు ఎప్పుడు వస్తున్నాయి? కంప్యూటర్ ఆన్ చేయగానే, విండోస్ రాకముందే బయోస్ తెర మీద కూడా వస్తుంటే అది డ్రైవర్ తప్పు కాదు. అప్పటికి డ్రైవర్ ఇంకా లోడే అవ్వలేదు కదా! కేబుల్, మానిటర్, కార్డు... వీటిలో ఒకదాన్ని అనుమానించాలి. విండోస్ వచ్చాకే మొదలైతే డ్రైవర్‌ని అనుమానించవచ్చు.
* వేడి, దుమ్ము సంగతేంటి? మన ఎండలకు తోడు కల్లాల దుమ్ము, పత్తి నూగు ఫ్యాన్ రెక్కలకి పట్టేస్తే కార్డు వేడెక్కి మధ్యలో ఆగిపోతుంది. పవర్ తీగ పూర్తిగా పీకేసి, మెత్తటి బ్రష్‌తో శుభ్రం చేయండి.

పని మధ్యలో తెర ఒక్కసారిగా నల్లబడితే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి కీలు నాలుగూ కలిపి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ మాత్రమే రీస్టార్ట్ అవుతుంది. తెరిచి ఉన్న పని పోదు.

పేరు కాదు.. నంబరు చూడండి

డ్రైవర్ ఇన్‌స్టాల్ కాకపోవడానికి తరచూ కనిపించే కారణం, వేరే చిప్‌కి చెందిన ఫైలు తెచ్చుకోవడం. డబ్బా మీద పేరు చూసి డౌన్‌లోడ్ చేస్తే దెబ్బతినే అవకాశం ఉంది. ఉదాహరణకి జీఫోర్స్ జీటీ 730 పేరుతోనే రెండు తరాల చిప్‌లు మార్కెట్లోకి వచ్చాయి. ఒకటి పాత ఫెర్మీ, రెండోది కెప్లర్. ఫెర్మీకి ఎన్విడియా డ్రైవర్లు 390 సిరీస్‌తో ఆగిపోయాయి. కెప్లర్‌కి 470 సిరీస్‌తో ఆగాయి. సెకండ్‌హ్యాండ్‌లో ఇలాంటి కార్డు కొని, ‘లేటెస్ట్’ డ్రైవర్ వేస్తే అది ‘మీ హార్డ్‌వేర్ సరిపోదు’ అని తిప్పికొడుతుంది. కార్డు తప్పూ కాదు, మీ తప్పూ కాదు. ఫైలే మారాలి.

చిప్ అసలు గుర్తింపు ఇలా తెలుసుకోవచ్చు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి ‘డివైస్ మేనేజర్’ తెరవండి. ‘డిస్‌ప్లే అడాప్టర్స్’ కింద ఉన్న పేరు మీద డబుల్ క్లిక్ చేసి, ‘డీటెయిల్స్’ ట్యాబ్‌లో ‘హార్డ్‌వేర్ ఐడీస్’ ఎంచుకోండి. అక్కడ ‘వీఈఎన్’ తర్వాత వచ్చే నాలుగు అక్షరాలు తయారీ సంస్థను చెబుతాయి. 10డీఈ అంటే ఎన్విడియా, 1002 అంటే ఏఎండీ, 8086 అంటే ఇంటెల్. ‘డీఈవీ’ తర్వాత వచ్చేవి చిప్ మోడల్‌ను చెబుతాయి. ఆ నంబర్‌ని బట్టి వెతికితే మీ చిప్ ఏదో తెలిసిపోతుంది.

ల్యాప్‌టాప్ అయితే ముందు ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మీ మోడల్‌కి ఇచ్చిన డ్రైవర్ ప్రయత్నించండి. ఇంటెల్, ఎన్విడియా రెండూ ఉన్న ల్యాప్‌టాప్‌లో మొదట ఇంటెల్‌ది, తర్వాత ఎన్విడియాది వేయడం మంచిది. మీ విండోస్ 32 బిట్‌దా, 64 బిట్‌దా అన్నదీ చూసుకోండి. 32 బిట్ విండోస్‌కి కొత్త డ్రైవర్లు దొరకవు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసిందన్న సంగతీ గుర్తుంచుకోండి.

కోడ్ ఏం చెబుతోంది?

డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు కనిపిస్తే భయపడక్కర్లేదు. డబుల్ క్లిక్ చేస్తే ‘జనరల్’ ట్యాబ్‌లో ఒక కోడ్ ఉంటుంది. డాక్టరుకి జ్వరం రీడింగ్ ఎలాగో మనకి ఈ కోడ్ అలాగ.

* కోడ్ 28: డ్రైవర్ అసలు లేదు. సరైనది వేస్తే చాలు.
* కోడ్ 22: ఎవరో డివైస్‌ని ఆపేశారు. ‘ఎనేబుల్’ చేయండి.
* కోడ్ 14: రీస్టార్ట్ చేస్తే గానీ పని పూర్తికాదు.
* కోడ్ 31, 39: డ్రైవర్ లోడ్ కావడం లేదు లేదా ఫైలు చెడింది. పాతది తీసేసి మళ్లీ వేయాలి.
* కోడ్ 52: డ్రైవర్ డిజిటల్ సంతకాన్ని విండోస్ నిర్ధారించుకోలేకపోయింది. అధికారిక సైట్ నుంచి మళ్లీ తెచ్చుకోండి.
* కోడ్ 43: పరికరమే తనలో లోపం ఉందని చెప్పింది. డ్రైవర్ కావచ్చు, కార్డు కావచ్చు. శుభ్రంగా మళ్లీ ఇన్‌స్టాల్ చేశాక కూడా ఇదే వస్తే స్నేహితుడి కంప్యూటర్‌లో కార్డు పెట్టి చూడండి. అక్కడా ఇదే వస్తే కార్డుదే లోపం.

ఒకసారికి ఒక్క మార్పే

మిరప తోటలో ఆకు ముడత కనిపించగానే మూడు మందులు కలిపి కొట్టామనుకోండి. తగ్గినా ఏ మందుకి తగ్గిందో తెలీదు. తగ్గకపోతే డబ్బులూ పోయె, కారణమూ తెలియకపోయె! కంప్యూటర్ విషయంలోనూ అంతే. ఒకేసారి డ్రైవర్, విండోస్, బయోస్ అన్నీ మార్చేయొద్దు. ఈ వరుసలో వెళ్లండి.

1. ‘సిస్టమ్ రిస్టోర్ పాయింట్’ పెట్టుకోండి. తేడా వస్తే వెనక్కి రావచ్చు.
2. అప్‌డేట్ తర్వాతే సమస్య మొదలైతే డివైస్ మేనేజర్‌లో ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ నొక్కండి. చాలాసార్లు ఇక్కడితోనే సరిపోతుంది.
3. కాకపోతే సరైన డ్రైవర్‌ను ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుని, ఇంటర్నెట్ ఆపేయండి. లేదంటే మీరు పాతది తీసేసరికి విండోస్ అప్‌డేట్ తనకి నచ్చింది వేసేస్తుంది.
4. డివైస్ మేనేజర్‌లో ‘అన్‌ఇన్‌స్టాల్’ చేస్తూ, డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌ను కూడా తొలగించే గడిలో టిక్ పెట్టండి. రీస్టార్ట్ చేసి కొత్తది వేయండి. ఎన్విడియా అయితే ‘కస్టమ్’లోకి వెళ్లి ‘క్లీన్ ఇన్‌స్టలేషన్’ ఎంచుకోండి.
5. అప్పటికీ కుదరకపోతే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ‘డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్’ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పాత డ్రైవర్ ఆనవాళ్లన్నీ తుడిచేసి, మళ్లీ 4లో చెప్పినట్లు కొత్తది వేయండి.

ల్యాప్‌టాప్‌లో బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే సేఫ్ మోడ్‌కి వెళ్లేముందు రికవరీ కీ రాసిపెట్టుకోండి. 2024 జులైలో చాలా కార్యాలయాల్లో పని ఆలస్యమైంది ఈ కీలు వెతుక్కోవడంలోనే.

ఇంకా అంతుబట్టకపోతే విండోస్ ఫోల్డర్‌లోని ‘ఐఎన్‌ఎఫ్’ ఫోల్డర్‌లో ‘సెటప్‌ఏపీఐ.డెవ్’ పేరుతో లాగ్ ఫైలు ఉంటుంది. ఇన్‌స్టలేషన్ ఏ మెట్టు దగ్గర ఆగిందో అందులో వరుసగా రాసి ఉంటుంది. చివరి నుంచి పైకి చదవండి.

లినక్స్ వాడేవారికి

ఉబుంటులో ‘అడిషనల్ డ్రైవర్స్’ తెరిస్తే మీ చిప్‌కి తగినవి అదే చూపిస్తుంది. అక్కడ సిఫార్సు చేసింది వేయడం క్షేమం. ఇన్‌స్టాల్ అయింది కానీ పనిచేయడం లేదంటే సెక్యూర్ బూట్ సంగతి చూడండి. ఇన్‌స్టలేషన్‌లో పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ అవగానే నీలి తెర మీద ‘ఎన్‌రోల్’ ఎంచుకుని అదే పాస్‌వర్డ్ కొట్టాలి. ఆ తెరను పట్టించుకోకుండా దాటేస్తే డ్రైవర్ లోడ్ కాదు.

ఏఐ, మెషీన్ లెర్నింగ్ నేర్చుకునేవారికి ఇది మరీ ముఖ్యం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జూన్‌లో ఎన్విడియాతో ఒప్పందం చేసుకుంది. 10 వేల మంది ఇంజినీరింగ్ విద్యార్థులకు ఏఐ నైపుణ్యాలు నేర్పడం అందులో ఒక లక్ష్యం. ఆ చిప్‌ల మీద పనిచేయాలంటే మొదటి మెట్టు డ్రైవరే. ‘ఎన్విడియా-ఎస్‌ఎంఐ’ కమాండ్ కొడితే పైన ఒక ‘కుడా’ వెర్షన్ కనిపిస్తుంది. అది మీ కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ అయిన టూల్‌కిట్ వెర్షన్ కాదు, ఆ డ్రైవర్ సపోర్ట్ చేయగల గరిష్ఠ వెర్షన్. ఇంటర్వ్యూల్లో తడబడేలా చేసే ప్రశ్నల్లో ఇదొకటి.

వీటి జోలికి వెళ్లొద్దు

‘మీ డ్రైవర్లన్నీ పాతబడ్డాయి, ఒక్క క్లిక్‌తో బాగుచేస్తాం’ అనే ప్రకటనల్ని నమ్మొద్దు. డ్రైవర్ తయారీ సంస్థ సైట్ నుంచి ఉచితంగానే దొరుకుతుంది. ఎవరో ఫోన్ చేసి ‘మీ స్క్రీన్ మాకు షేర్ చేయండి, సరిచేస్తాం’ అంటే ఒప్పుకోవద్దు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇంటర్వ్యూలో ఇదెలా ఉపయోగం?

హెల్ప్‌డెస్క్ ఉద్యోగాలకి పేరున్న కాంప్‌టియా ఏ ప్లస్ సర్టిఫికేషన్ సిలబస్‌లో సమస్య పరిష్కారానికి ఆరు మెట్లు చెబుతారు. సమస్యను గుర్తించడం, కారణాన్ని ఊహించడం, ఆ ఊహను పరీక్షించడం, ప్రణాళిక వేసుకుని అమలు చేయడం, అంతా పనిచేస్తోందో లేదో సరిచూడటం, చేసింది రాసిపెట్టడం. పైన మనం చేసిందంతా ఇదే. మొదటి ఐదూ చేసి ఆరోదాన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ.

కాబట్టి ఈసారి డ్రైవర్ మొరాయిస్తే ఒక నోట్‌బుక్ పక్కన పెట్టుకోండి. తేదీ, విండోస్ వెర్షన్, హార్డ్‌వేర్ ఐడీ, వచ్చిన కోడ్, చేసిన ప్రతి మార్పు, దాని ఫలితం రాయండి. పక్కింటి తమ్ముడి కంప్యూటర్, మీ ఫ్రెండ్ ల్యాప్‌టాప్ సమస్యలూ అందులోకి ఎక్కించండి. ఐదారు కేసులు పోగయ్యాయంటే రెజ్యూమెలో ‘ట్రబుల్‌షూటింగ్ స్కిల్స్’ అని ఒట్టి మాట రాయనక్కర్లేదు.

‘యూజర్ ఫోన్ చేసి స్క్రీన్ పనిచేయడం లేదన్నారు, ఏం చేస్తారు?’ అని అడిగితే ‘డ్రైవర్ రీఇన్‌స్టాల్ చేస్తా సార్’ అని గబుక్కున చెప్పేయకండి. ‘ఎప్పటి నుంచి? దానికి ముందు ఏం మారింది? ఆన్ చేయగానే కంపెనీ లోగో సరిగ్గా కనిపిస్తోందా? అని ముందు అడుగుతాను సార్’ అని మొదలుపెట్టండి. నేరుగా మందు చెప్పేవాడికీ, ముందు నాడి చూసేవాడికీ ఉన్న తేడా ఎదుటివారికి ఇట్టే తెలుస్తుంది. సమాధానం తెలియని ప్రశ్న వచ్చినా ‘తెలీదు’ దగ్గర ఆగిపోకుండా ‘ఇలా కనుక్కుంటాను’ అని మీ నోట్‌బుక్‌లోని ఒక కేసు చెప్పండి. డిగ్రీ ఏ కాలేజీదైనా, మాట్లాడే ఇంగ్లిష్ కాస్త తడబడినా, స్వయంగా చేసిన పనిని వరుసగా చెప్పగలిగేవారి మాటకి బరువుంటుంది.