మోటారుహోమ్ మంచినీటి ట్యాంకు

మోటారుహోమ్ అనగా నివాసయోగ్యమైన గది, వంటపొయ్యి, పడక, స్నానపుగది, మరుగుదొడ్డి అన్నీ ఒకే చట్రం మీద అమర్చిన మోటారు వాహనం. ఇది ముఖ్యంగా ఉత్తర అమెరికా, ఐరోపా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ దేశాలలో ప్రచారంలో ఉంది. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో వీటిని సంక్షిప్తంగా ఆర్.వీ. అని వ్యవహరిస్తారు. అయోవా రాష్ట్రానికి చెందిన విన్నెబాగో సంస్థ 1966లో వీటి తయారీ మొదలుపెట్టిన తరువాత మధ్యతరగతి కుటుంబాలకు కూడా ఇవి అందుబాటులోకి వచ్చాయి. ఇటువంటి వాహనంలో తాగడానికి, వంటకు, స్నానానికి కావలసిన నీటిని నిలవ చేసే పాత్రను మంచినీటి ట్యాంకు అంటారు. ఈ ట్యాంకును, దానికి అనుబంధమైన గొట్టాలను శుభ్రంగా ఉంచే పద్ధతులు, వాటి వెనుకనున్న కారణాలు ఈ వ్యాసంలోని విషయం. వివరాలు ప్రధానంగా అమెరికాలోని ఆచరణను అనుసరించి ఇవ్వబడ్డాయి.

వాహనంలో నీటి ఏర్పాటు

మోటారుహోమ్‌లో సాధారణంగా మూడు ట్యాంకులు ఉంటాయి. మొదటిది మంచినీటిది. వంటతొట్టి, స్నానపుగది నుండి వచ్చే వాడుకనీరు చేరేది రెండవది. దీనిని బూడిదరంగు ట్యాంకు అంటారు. మరుగుదొడ్డి మురుగు చేరేది మూడవది. దీనిని నల్ల ట్యాంకు అంటారు. మంచినీటి ట్యాంకును పాలిథిలీన్ ప్లాస్టిక్‌తో చేస్తారు. మన ఇళ్ళ డాబాల మీద కనిపించే ప్లాస్టిక్ నీళ్ళ ట్యాంకులు కూడా ఈ జాతికి చెందినవే. వాహనం పరిమాణాన్ని బట్టి ఇందులో సుమారు 75 నుండి 380 లీటర్ల వరకు, అనగా 20 నుండి 100 గ్యాలన్ల వరకు నీరు పడుతుంది. అమెరికా గ్యాలను 3.785 లీటర్లకు సమానం.

ట్యాంకులోని నీటిని 12 వోల్టుల విద్యుత్తుతో నడిచే చిన్న పంపు కుళాయిలకు తోస్తుంది. మార్గమధ్యంలో 6 లేదా 10 గ్యాలన్ల వేడినీటి పాత్ర ఉంటుంది. వాహనాన్ని విడిది స్థలంలో నిలిపినప్పుడు అక్కడి కుళాయికి గొట్టం తగిలించి నేరుగా ఊరి నీటిని వాడుకోవచ్చు. అప్పుడు నీరు ట్యాంకును తప్పించుకొని పోతుంది. ఈ సంగతి చాలామంది గమనించరు. వారాల తరబడి ఊరి నీటి మీద ఆధారపడిన కుటుంబానికి తమ ట్యాంకులో పాత నీరు కదలకుండా నిలిచి ఉన్నదన్న స్పృహ ఉండదు. తరువాత ఏ అడవిలోనో ఆగి పంపు వేసినప్పుడు ఆ పాత నీరే కుళాయిలోకి వస్తుంది.

నీరు చెడిపోవడానికి కారణాలు

పురపాలక సంఘం సరఫరా చేసే నీటిలో కొద్దిపాటి క్లోరిన్ మిగిలి ఉంటుంది. దీనిని అవశేష క్లోరిన్ అంటారు. నీరు గొట్టాలలో ప్రయాణించేటప్పుడు, నిలవ ఉన్నప్పుడు సూక్ష్మజీవులు పెరగకుండా కాపాడేది ఇదే. అమెరికాలో ఒక పట్టణపు నీటికి ఎడతెరిపి లేకుండా క్లోరిన్ కలపడం 1908లో న్యూజెర్సీ రాష్ట్రంలోని జెర్సీ సిటీ కోసం మొదలయింది. అవశేష క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలని భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 చెబుతోంది. 4 మిల్లీగ్రాములు దాటకూడదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ నిర్ణయించింది.

ట్యాంకులో నింపిన నీటిలోని ఈ క్లోరిన్ రోజులు గడిచేకొద్దీ తరిగిపోతుంది. ఎండలో నిలిపిన వాహనంలో ఇంకా త్వరగా పోతుంది. రక్షణ పోయిన గోరువెచ్చని నీటిలో సూక్ష్మజీవులు పెరిగి, ట్యాంకు గోడలకూ గొట్టాల లోపలి భాగానికీ జిగురువంటి పొరగా అంటుకుంటాయి. దీనిని జీవపొర అనవచ్చు. చెరువు మెట్ల మీద కాలు జారేటట్లు చేసే పాకుడు వంటిదే ఇదీను. పొర లోపల దాగిన జీవులను క్లోరిన్ సులభంగా చేరలేదు. అందుకే నీటిని మార్చినంత మాత్రాన ట్యాంకు శుభ్రపడదు. కొత్త నీటిలోని కొద్దిపాటి క్లోరిన్‌ను ఈ పొరే తినేస్తుంది.

ఇలాంటి చోట పెరిగే వాటిలో లీజియొనెల్లా అనే బాక్టీరియా ముఖ్యమైనది. 1976లో ఫిలడెల్ఫియాలో జరిగిన అమెరికన్ లీజియన్ సమావేశానికి వచ్చినవారిలో ప్రబలిన న్యుమోనియా వలన దీనికి ఆ పేరు వచ్చింది. ఇది 25 నుండి 45 డిగ్రీల సెల్సియస్ మధ్య బాగా పెరుగుతుంది. తాగడం వలన కంటే స్నానపు జల్లులోని సన్నని తుంపరలను పీల్చడం వలన ఊపిరితిత్తులకు సోకుతుంది. కనుక "మేము తాగేది సీసా నీళ్ళే, ట్యాంకు నీళ్ళు స్నానానికే" అన్న ధీమా పూర్తిగా సరి కాదు.

టెక్సాస్ సంఘటన

ఈ ధీమా ఎంత ప్రమాదకరమో 2024లో టెక్సాస్ రాష్ట్రంలో జరిగిన ఒక మరణం తెలిపింది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2025లో దీని వివరాలు ప్రచురించింది. అంతకు ముందు ఆరోగ్యంగానే ఉన్న 71 ఏళ్ళ మహిళ ఒక విడిది స్థలంలో తన ఆర్.వీ. కుళాయి నీటితో ముక్కును శుభ్రం చేసుకొన్నారు. నాలుగు రోజులలోపే జ్వరం, తలనొప్పి, మతి తప్పడం వంటి లక్షణాలు కనిపించాయి. అవి మొదలైన ఎనిమిది రోజులకు ఆమె మరణించారు. కారణం నెగ్లేరియా ఫౌలెరి అనే అమీబా. వాహనం కొనుగోలుకు ముందే ట్యాంకులో నింపి ఉన్న నీరు గానీ, విడిది స్థలపు కుళాయి నుండి వచ్చిన నీరు గానీ దీనికి మూలమై ఉండవచ్చునని పరిశోధకులు భావించారు.

ఈ అమీబా వేడి మంచినీటిలో బతుకుతుంది. నీటిని మింగితే దీనివలన వ్యాధి రాదు. ముక్కులోనికి పోయినప్పుడు మాత్రం వాసన నాడి వెంట మెదడును చేరుతుంది. వ్యాధి సోకినవారిలో 97 శాతానికి పైగా మరణిస్తారు. తెలుగువారిలో యోగాభ్యాసంలో భాగంగా జలనేతి చేసేవారు ఉన్నారు. జలుబుకు, సైనసు బాధకు ముక్కు కడుక్కొనేవారు కూడా ఉన్నారు. కేరళలో 2024, 2025 సంవత్సరాలలో అమీబా వలన వచ్చే మెదడువాపు కేసులు నమోదయ్యాయి కనుక ఇది అమెరికాకే పరిమితమైన విషయం కాదు. మోటారుహోమ్‌లో గానీ ఇంట్లో గానీ ముక్కులోనికి పోసే నీరు మరగబెట్టి చల్లార్చినదో, స్వేదనజలమో అయి ఉండాలి. నీరు తెర్లుతూ ఒక నిమిషం మరగాలి. సముద్రమట్టానికి 6,500 అడుగులు మించిన చోట నీరు తక్కువ ఉష్ణోగ్రతకే మరుగుతుంది కనుక మూడు నిమిషాలు ఉంచాలి. మోటారుహోమ్ యాత్రికులు ఎక్కువగా వెళ్ళే యెల్లోస్టోన్ పీఠభూమి సగటున 8,000 అడుగుల ఎత్తున ఉన్నది.

క్లోరిన్ మోతాదు

ట్యాంకును శుద్ధి చేయడానికి ఇంటి వాడుక బ్లీచి ద్రవం చాలు. ఇది సోడియం హైపోక్లోరైట్ ద్రావణం. మన పంచాయతీలలో బావులలో చల్లే బ్లీచింగ్ పౌడరు వేరు. అది కాల్షియం సమ్మేళనం. దానిలో కరగని సున్నం ఉంటుంది కనుక సన్నని గొట్టాలు, పంపు ఉన్న చోట వాడరాదు. సువాసన కలిపినవి, చిందకుండా చిక్కగా చేసినవి కూడా పనికిరావు.

అమెరికాలో ప్రచారంలో ఉన్న సూత్రం ప్రతి 15 గ్యాలన్లకు పావు కప్పు బ్లీచి. ఈ అంకె ఎక్కడ నుండి వచ్చిందో చూద్దాం. పావు కప్పు అంటే సుమారు 60 మిల్లీలీటర్లు. బ్లీచి బలం 5 శాతం అనుకుంటే అందులో 3 గ్రాముల హైపోక్లోరైట్ ఉంటుంది. 15 గ్యాలన్లు అంటే 57 లీటర్లు. కాబట్టి లీటరుకు సుమారు 50 మిల్లీగ్రాములు అవుతుంది. గుర్తు పెట్టుకోవడానికి మెట్రిక్ లెక్క ఇంకా తేలిక: 5 శాతం బ్లీచి అయితే లీటరు నీటికి ఒక మిల్లీలీటరు. ఈ గాఢతలో నీటిని నాలుగు గంటలు ఉంచాలి. గాఢత రెట్టింపు చేస్తే ఒక గంట చాలునంటారు గాని, రబ్బరు వాషర్లకు, లోహ భాగాలకు అది మంచిది కాదు. తొందర లేనివారికి మొదటి పద్ధతే మేలు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పాత సూత్రం పుట్టినప్పుడు అమెరికా దుకాణాలలో దొరికే బ్లీచి బలం 5.25 శాతం. ఇప్పుడు 6 నుండి 8.25 శాతం వరకు రకరకాలుగా దొరుకుతుంది. సీసా మీద అంకె చూడకుండా పాత కొలత పోస్తే మోతాదు ఎక్కువవుతుంది. ఉదాహరణకు 60 గ్యాలన్ల ట్యాంకు, 6 గ్యాలన్ల వేడినీటి పాత్ర కలిపి 250 లీటర్లు. 5 శాతం బ్లీచి అయితే 250 మిల్లీలీటర్లు కావాలి, 8.25 శాతం అయితే 150 సరిపోతుంది. దీనికి విరుద్ధంగా, ఏడాది దాటిన సీసాలో బలం బాగా తగ్గి ఉంటుంది. కాబట్టి కొత్త సీసా వాడాలి.

నీటి క్షారగుణం కూడా లెక్కలోకి వస్తుంది. క్లోరిన్ నీటిలో హైపోక్లోరస్ ఆమ్లంగా ఉన్నప్పుడు బలంగా పనిచేస్తుంది. పీహెచ్ సుమారు 7.5 దగ్గర సగం ఆ రూపంలో, సగం బలహీనమైన హైపోక్లోరైట్ అయాను రూపంలో ఉంటుంది. పీహెచ్ ఇంకా పెరిగితే బలహీన రూపమే అధికమవుతుంది.

శుద్ధి చేసే విధానం

ముందుగా వేడినీటి పాత్రను ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి, ఒత్తిడి వదిలిన తరువాతనే దాని బిరడా తీయాలి. ఈ తొందరలో ఒళ్ళు కాల్చుకొనే ప్రమాదం ఉంది. ట్యాంకు, పాత్ర, గొట్టాలు అన్నీ ఖాళీ చేయాలి. వడపోత గుళికలను తీసి పక్కన పెట్టాలి. వాటిలోని బొగ్గు క్లోరిన్‌ను పీల్చివేస్తుంది. లెక్క ప్రకారం కొలిచిన బ్లీచిని బకెట్టు నీటిలో కలిపి ట్యాంకులో పోయాలి. తరువాత ట్యాంకును నిండా నింపాలి. పైభాగపు గోడలకు కూడా మందునీరు తగలాలంటే సగం నింపితే చాలదు.

పంపు వేసి ప్రతి కుళాయినీ, చల్లనిదీ వేడిదీ విడివిడిగా, క్లోరిన్ వాసన వచ్చే వరకు తెరవాలి. స్నానపు జల్లు, మరుగుదొడ్డి గొట్టం, వాహనం బయటి కుళాయి మరచిపోకూడదు. ఎక్కువమంది మరచేది ఈ బయటిదాన్నే. వేడినీటి పాత్ర నిండడానికి వాడిన నీటికి బదులుగా ట్యాంకును మళ్ళీ నింపి, నాలుగు గంటలు ఉంచాలి. ఈ వ్యవధిలో వాహనాన్ని కొంత దూరం నడిపితే నీరు తొణికి అన్ని మూలలకూ చేరుతుంది. గడువు తీరాక వాసనే లేకుంటే జీవపొర మందును ఖర్చు చేసిందని అర్థం. అప్పుడు పని మొదటి నుండి చేయవలసినదే.

తరువాత నీటిని మురుగు పారబోయడానికి కేటాయించిన చోట వదలాలి. వాగులలో వదిలితే చేపలు చస్తాయి. మంచినీటితో రెండు మూడు సార్లు నింపి ఖాళీ చేస్తే వాసన పోతుంది. పోకపోతే కొందరు వంటసోడా నీరు పోసి కడుగుతారు. వినిగరు కూడా పోసేవారున్నారు గాని, బ్లీచి మిగిలి ఉన్న నీటిలో వినిగరు కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. అమ్మోనియా ఉన్న శుభ్రకాలతో కలిసినా ప్రమాదకరమైన వాయువులే పుడతాయి. మూసి ఉన్న చిన్న వాహనంలో ఇది ప్రాణాంతకం కాగలదు.

పాత వాహనం కొన్న వెంటనే, సంవత్సరంలో కనీసం రెండు సార్లు, నెలల తరబడి నిలిపి ఉంచిన తరువాత ఈ శుద్ధి జరపడం మంచిది.

కుళ్ళిన కోడిగుడ్డు వాసన

వేడినీటి కుళాయి నుండి మాత్రమే కుళ్ళిన గుడ్డు వాసన వస్తే దోషం ట్యాంకుది కాదు, వేడినీటి పాత్రది. ఉక్కు పాత్రలు తుప్పు పట్టకుండా లోపల మెగ్నీషియం లేదా అల్యూమినియం కడ్డీ పెడతారు. పాత్రకు బదులు అది కరిగిపోతుంది. నీటిలోని సల్ఫేటును వాడుకొనే బాక్టీరియా, ఈ కడ్డీ కలిసినప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పుడుతుంది. పాత్రను కడిగి పైన చెప్పిన విధంగా శుద్ధి చేస్తే వాసన పోతుంది. కడ్డీ బాగా అరిగిపోయి ఉంటే మార్చాలి.

గొట్టాలు, వడపోత

నీరు నింపే గొట్టం తాగునీటికి యోగ్యమైనదిగా ధ్రువీకరింపబడినది కావాలి. అమెరికాలో ఇవి సాధారణంగా తెలుపు లేదా నీలం రంగులో ఉంటాయి. తోటకు నీరు పెట్టే గొట్టం వాడరాదు. నల్ల ట్యాంకు కడిగే గొట్టాన్ని ఎట్టి పరిస్థితిలోనూ మంచినీటికి తగిలించరాదు. రెండూ వేరు రంగులలో ఉంచి, వేరు పెట్టెలలో దాచుకొనే అలవాటు ఉన్నవారు పొరపాటు చేయరు. పని కాగానే మంచినీటి గొట్టంలోని నీరు కార్చి, రెండు కొనలనూ కలిపి బిగిస్తే పురుగులు చేరవు. కొన్ని విడిది స్థలాలలో నీటి ఒత్తిడి విపరీతంగా ఉంటుంది కనుక ఒత్తిడి నియంత్రకం పెట్టుకోవాలి.

బొగ్గు వడపోత రుచిని మెరుగుపరుస్తుంది, కాని దానితోపాటు క్లోరిన్‌ను తీసివేస్తుంది. అందువలన దానిని ట్యాంకుకు ముందు కాక వంటగది కుళాయి దగ్గర పెట్టడం సమంజసం. క్లోరిన్‌కు లొంగని జీవులు కూడా ఉన్నాయి. 1993లో మిల్వాకీ నగరంలో సుమారు 4,03,000 మందికి వ్యాధి కలిగించిన క్రిప్టోస్పోరిడియం అటువంటిది. దీనిని ఆపాలంటే ఒక మైక్రాను ఖచ్చిత పరిమాణం గల వడపోత గానీ, మరగబెట్టడం గానీ అవసరం.

శీతాకాలపు జాగ్రత్తలు

ఉత్తర రాష్ట్రాలలో నీరు గడ్డకట్టి గొట్టాలు పగలకుండా చలికాలానికి ముందు వ్యవస్థను ఖాళీ చేసి, గులాబీరంగు నిరోధక ద్రవంతో గొట్టాలను నింపుతారు. ఇది ప్రొపిలీన్ గ్లైకాల్‌తో చేసినదై ఉండాలి. కారు ఇంజన్లలో పోసే ఎథిలీన్ గ్లైకాల్ విషం. వేడినీటి పాత్ర చుట్టూ ఉన్న కవాటాలను మళ్ళిస్తే ఆ పాత్రలోకి ద్రవం వెళ్ళకుండా చాలా ఆదా అవుతుంది. వసంతకాలంలో ముందు ఈ ద్రవాన్ని పూర్తిగా కడిగివేసి, కవాటాలను యథాస్థితికి తెచ్చి, ఆ తరువాతనే బ్లీచి పోయాలి. కవాటాలను అలాగే వదిలివేస్తే వేడినీటి పాత్రకు శుద్ధి జరగదు.