గడువు ఎవరి చేతిలో గడచినది?

హిమాయత్‌సాగర్‌కు చేరువగా, శంషాబాదు విమానాశ్రయమునకు పోవు ఔటర్ రింగ్ రోడ్డు ప్రక్కన నున్న కొత్వాల్‌గూడ వంటి ఊళ్లలో కారు కేవలము విలాసవస్తువు కాదు. 2008లో విమానాశ్రయము తెరచినది మొదలు, ప్రయాణికులను చేరవేయు కారే అన్నము పెట్టు సాధనమైన కుటుంబములు ఈ ప్రాంతమున కలవు. అట్టి యింటివాడొకడు, వారంటీ గడువు ఇంకను నాలుగు దినములుండగా, గేర్‌బాక్సులో శబ్దము వచ్చుచున్నదని కారును డీలరు వర్క్‌షాపున అప్పగించెననుకొందము. విడిభాగము రాలేదని ఒక వారము, వచ్చినది సరిపోలేదని మరియొక వారము గడచును. తుదకు సర్వీస్ అడ్వైజరు, "వారంటీ అయిపోయింది సార్, బిల్లు మీరే కట్టాలి" అనును. గడువు తీరిన దినమున కారు తన చేతిలోనే లేనప్పుడు ఆ ఆలస్యము తనదెట్లగునని అతడు అడుగుట న్యాయమే.

ఈ ప్రశ్నకు సమాధానము వారంటీ యనగా నేమో తెలిసికొనుటలో నున్నది. ఇన్ని సంవత్సరములలోపల, లేక ఇన్ని కిలోమీటర్లలోపల, ఏది ముందు వచ్చిన దానిలోపల, పదార్థమునందో తయారీయందో లోపము బయటపడినచో ఆ భాగమును ఉచితముగా బాగుచేసెదము లేక మార్చెదము అని తయారీ సంస్థ చేయు వాగ్దానమే వారంటీ. గడువులోపల లోపము బయటపడి, దానిని యజమాని తెలియజేసిన నాడే ఆ బాధ్యత పుట్టినది. మరమ్మతు ముగియు దినమును బట్టి అది పుట్టదు, గిట్టదు. మార్కెట్ యార్డు తలుపు మూయకమునుపే లోనికి చేరిన ధాన్యపుబండికి తూకము మరునాడు పడినను, రైతు ఆలస్యముగా వచ్చెనని ఎవరును అనజాలరు గదా!

ఐనను న్యాయము రెండువైపులను చూడవలెను. మరమ్మతు చేసినంత మాత్రమున మూలవారంటీ పొడిగింపబడదను షరతు అనేక వారంటీ పుస్తకములలో నుండును. క్లచ్ ప్లేటు, బ్రేక్ ప్యాడ్ల వంటి అరిగిపోవు భాగములకు సామాన్యముగా వారంటీ వర్తింపదు. గేర్‌బాక్సు కొరకు ఇచ్చిన కారులో, గడువు తీరిన పిదప సంబంధములేని మరియొక లోపము తలయెత్తినచో దానిని పాత ఫిర్యాదుతో ముడిపెట్టుట కష్టము. కాలిఫోర్నియాలో స్థిరపడిన మన తెలుగువారికి ఈ విషయమున ఒక రక్ష కలదు: అక్కడి సాంగ్–బెవర్లీ చట్టము ననుసరించి, వస్తువు వారంటీ మరమ్మతులో నున్నంతకాలము గడువు గడియారము ఆగిపోవును. మన వినియోగదారుల చట్టమున అంత స్పష్టమైన నిబంధన లేదు. కనుకనే ఇచ్చట వ్రాతపూర్వకమైన సాక్ష్యమునకు ప్రాణమంత విలువ.

వర్క్‌షాపులో జరిగిన నష్టము సంగతి వేరు. ఒకరి వస్తువును మరియొకరు నమ్మకముపై ఉంచుకొనుటను మన పూర్వులు నిక్షేపమనిరి. మనుస్మృతి చెప్పిన పదునెనిమిది వ్యవహారపదములలో ఋణాదానమునకు వెనువెంటనే చెప్పబడినది ఈ నిక్షేపమే. ఆ భావమే 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టమునందును కలదు. వస్తువును స్వీకరించినవాడు, వివేకవంతుడైన సామాన్యుడు తన సొంత వస్తువును కాపాడుకొనునంత శ్రద్ధతో దానిని కాపాడవలెనని 151వ సెక్షను చెప్పుచున్నది. తన తప్పిదమువలన సకాలమున తిరిగి ఇయ్యనిచో, ఆనాటినుండి ఆ వస్తువునకు కలుగు నష్టమునకు అతడే బాధ్యుడని 161వ సెక్షను చెప్పుచున్నది. కాబట్టి టెస్ట్ డ్రైవులో తగిలిన గీతకును, బిగింపక వదలిన బోల్టువలన చెడిన యంత్రమునకును వారంటీ ఉన్నదా లేదా యను ప్రశ్నయే పుట్టదు.

వారంటీ వాగ్దానము తయారీ సంస్థది. పనిలోని నిర్లక్ష్యము డీలరుది. డీలరు చేసిన ప్రతి తప్పునకు తయారీ సంస్థ తనంతతానే బాధ్యురాలు కాజాలదని టాటా మోటార్స్ వ్యాజ్యమున 2021లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అందుచేత ఫిర్యాదులో ఇరువురినీ చేర్చి, ఎవరి లోపమేదో వేర్వేరుగా చూపవలెను. అట్లే, లోపమున్న భాగమును మార్చుటే వారంటీ బాధ్యత యైనప్పుడు కారునే మార్చుమని కోరజాలరని మారుతీ ఉద్యోగ్ వ్యాజ్యమున 2006లో అదే న్యాయస్థానము తేల్చినది; కోరిక న్యాయమైన హద్దులో నున్నప్పుడే వాదమునకు బలము.

2020 జులై 20 నుండి అమలులోనున్న 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, చెల్లించిన మూల్యము 50 లక్షల రూపాయలు దాటనిచో జిల్లా కమిషనునే ఆశ్రయింపవచ్చును. 5 లక్షల వరకు రుసుము లేదు. ఫిర్యాదుదారు తాను నివసించు జిల్లాలోనే, అనగా కొత్వాల్‌గూడ వాసి రంగారెడ్డి జిల్లా కమిషనునందే, వ్యాజ్యకారణము పుట్టిన రెండేళ్లలోపల ఫిర్యాదు చేయవచ్చును. సొంత కష్టముతో జీవనోపాధికై కారు నడుపుకొనువాడును వినియోగదారుడే. అంతకుముందు 1915 సంఖ్యకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రము తోడ్పాటు పొందవచ్చును.

ఈ హక్కులన్నిటికిని పునాది జాబ్ కార్డు. లోపమును మీ మాటలలోనే అందు వ్రాయింపుడు. తేదీయు, మీటరు రీడింగును ఉన్నవో లేవో చూచుకొనుడు. కిలోమీటర్లు వేగముగా పెరుగు టాక్సీలకు ఆ రీడింగు తేదీకన్న ముఖ్యము. గడువులోపలనే డీలరుకును కంపెనీకిని ఈ–మెయిలు పంపుడు. ఆలస్యమునకు కారణమును వ్రాతలో అడుగుడు. మార్చిన పాత భాగమును చూపింపుమనుడు. గత్యంతరము లేక బిల్లు కట్టవలసివచ్చినచో, "అభ్యంతరముతో చెల్లించుచున్నాను" అని రసీదుపై వ్రాసి సంతకము చేయుడు.

కారు తాళములు అప్పగించిన ఆ దినమున మన కొత్వాల్‌గూడ సోదరునికి నాలుగు దినముల గడువు మిగిలియున్నది. ఆ నాలుగు దినములను ఖర్చుచేసినది అతడు కాదు. ఆ సత్యమును అతని పక్షమున పలుకగలిగినది తేదీవేసిన ఆ ఒక్క కాగితమే గనుక, దాని నకలును ఆర్.సి., ఇన్సూరెన్సు పత్రములతో సమానముగా భద్రపరచుకొనవలెను.