తెర నల్లబడితే కార్డు పోయినట్టేనా?

కంప్యూటర్ ఆన్ చేస్తే లైట్లు వెలుగుతాయి, ఫ్యాన్లు తిరుగుతాయి. మానిటర్ మీద మాత్రం ‘నో సిగ్నల్’ అని కాసేపు కనిపించి, అదీ ఆరిపోతుంది. వెంటనే ఇంట్లో అందరూ గ్రాఫిక్స్ కార్డు మీద నేరం మోపేస్తారు. అది నిజంగానే పోయి ఉండొచ్చు. కానీ ఆ మాట అనేముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. వాటికి ఒక స్క్రూడ్రైవర్, కాస్త ఓపిక చాలు. అక్కడే మనల్ని పక్కదారి పట్టించే అపోహలివి.

అపోహ: బొమ్మ రాలేదంటే కార్డు కాలిపోయినట్టే.

వాస్తవం: ర్యామ్ సరిగ్గా కూర్చోకపోయినా అచ్చం ఇలాగే ఉంటుంది. ప్రాసెసర్, ర్యామ్ బాగున్నాయని తేలాకే మదర్‌బోర్డు బొమ్మ జోలికి వస్తుంది. ఈమధ్య వస్తున్న చాలా బోర్డుల మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ (అంటే గ్రాఫిక్స్), బూట్ అని నాలుగు చిన్న లైట్లుంటాయి. ఏ లైటు ఆరకుండా నిలిచిపోయిందో చూడండి. డీర్యామ్ దగ్గర ఆగితే కార్డును వదిలేసి, ర్యామ్ తీసి మళ్లీ పెట్టండి. రెండు స్టిక్కులుంటే ఒక్కోదానితో విడిగా ప్రయత్నించండి. కొత్తగా డీడీఆర్5 ర్యామ్ వేస్తే మొదటిసారి బొమ్మ రావడానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. కంగారుపడి మధ్యలో ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

అపోహ: హెచ్‌డీఎంఐ కేబుల్ ఎక్కడ గుచ్చినా ఒకటే.

వాస్తవం: క్యాబినెట్ వెనక యూఎస్‌బీ పోర్టుల పక్కనున్నది మదర్‌బోర్డుది. దాని కింద విడిగా కనిపించే వరసే కార్డుది. కార్డు పెట్టాక మానిటర్ కేబుల్ కార్డుకే ఉండాలి. ఇంటెల్‌లో పేరు చివర ‘ఎఫ్’ ఉన్న ప్రాసెసర్లకు సొంత గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి, వాటితో మదర్‌బోర్డు పోర్టు నుంచి బొమ్మ ఎప్పటికీ రాదు. అలాగే మానిటర్ మెనూలో ఇన్‌పుట్ ఏది ఎంచుకుని ఉందో కూడా ఒకసారి చూడండి.

అపోహ: కార్డు ఫ్యాన్ తిరుగుతోందంటే కరెంటు సరిపడా అందుతున్నట్టే.

వాస్తవం: స్లాట్ నుంచి కార్డుకు అందేది గరిష్ఠంగా 75 వాట్లు. ఫ్యాన్ తిరగడానికి అది చాలు, పెద్ద కార్డు పనిచేయడానికి చాలదు. ఆర్‌టీఎక్స్ 3060 తీసుకునేదే దాదాపు 170 వాట్లు. అందుకే కార్డు అంచున 6 పిన్నుల సాకెట్ ఉంటే మరో 75, 8 పిన్నులదైతే 150 వాట్లు ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) నుంచి నేరుగా అందాలి. ఆ కేబుల్ మరిచిపోతే ఫ్యాన్ హోరెత్తినా తెర నల్లగానే ఉంటుంది. ప్రాసెసర్‌కు పెట్టే 8 పిన్నుల కేబుల్ చూడ్డానికి ఇలాగే ఉన్నా వైరింగ్ వేరు, బలవంతంగా దూర్చకండి. ఇక ఫ్యాన్ తిరగలేదని బెంగపడనక్కర్లేదు. చాలా కార్డుల్లో వేడెక్కేదాకా ఫ్యాన్ కదలదు.

కార్డు తీసి పెట్టేముందు ప్లగ్ పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కిపట్టండి. క్యాబినెట్ ఇనుప భాగాన్ని తాకి, ఆ తర్వాతే కార్డు పట్టుకోండి. స్లాట్ చివరి క్లిప్ ‘టక్’మని పడాలి. బంగారు రంగు పళ్లు ఒకవైపు బయటికి కనిపిస్తుంటే కార్డు ఇంకా పూర్తిగా దిగలేదన్నమాట.

అపోహ: డ్రైవర్ మళ్లీ వేస్తే సరిపోతుంది.

వాస్తవం: ఆన్ చేయగానే వచ్చే కంపెనీ లోగోకు డ్రైవర్‌తో పనిలేదు. అది కార్డులోనే ఉండే చిన్న ప్రోగ్రామ్ పని. కొన్ని మానిటర్లు మేల్కొనేలోపే లోగో దాటిపోతుంది కాబట్టి, ఆన్ చేసిన వెంటనే డిలీట్ లేదా ఎఫ్2 కీ నొక్కుతూ బయోస్ తెర వస్తుందేమో చూడండి. అదీ రాకపోతే డ్రైవర్ జోలికి వెళ్లడం దండగ. బయోస్ వచ్చి, విండోస్ మొదలయ్యాక నల్లబడితే అప్పుడు డ్రైవర్‌ను అనుమానించాలి. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి కీలు కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ రీస్టార్ట్ అవుతుంది. దానికీ లొంగకపోతే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి డ్రైవర్ తీసేయండి.

అపోహ: పాత మానిటర్‌కు ఏ కన్వర్టర్ అయినా పనికొస్తుంది.

వాస్తవం: ఇప్పటి కార్డులు పాత వీజీఏ సిగ్నల్ ఇవ్వవు. మధ్యలో సిగ్నల్ మార్చే చిప్ ఉన్న కన్వర్టర్ కావాలి. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి ఉండే మామూలు కేబుల్‌ను తిప్పి పెడితే పనిచేయదు. డిస్‌ప్లేపోర్ట్ కొస కార్డు వైపే ఉండాలి.

అపోహ: ఓవెన్లో వేడిచేస్తే చచ్చిన కార్డు బతుకుతుంది.

వాస్తవం: ఒకవేళ బతికినా నాలుగు రోజుల ముచ్చటే. ఆ వేడికి ప్లాస్టిక్, కెపాసిటర్లు దెబ్బతింటాయి. వంట చేసుకునే ఓవెన్లోకి విషపు పొగలు చేరతాయి. పైగా వారంటీ కూడా పోతుంది.

ఇవన్నీ చూశాక కూడా బొమ్మ రాకపోతే, ఆ కార్డును బాగా పనిచేస్తున్న మరో కంప్యూటర్‌లో పెట్టి చూడండి. అక్కడా అదే తీరైతే అప్పుడు కార్డు పోయిందనుకోవచ్చు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకో, మీ ఊళ్లో రిపేర్ దుకాణానికో వెళ్లేముందు బిల్లు వెతికి, వారంటీ ఉందేమో చూసుకోండి. సీరియల్ నంబరు స్టిక్కరు మాత్రం చింపకండి.