ఆట తడబడితే తప్పు ఎవరిది?

సెకనుకు ఆరు ఫ్రేములు, అంటే తెర మీద ఆరు బొమ్మలు. 2012లో వాల్వ్ సంస్థ ఇంజనీర్లు తమ ‘లెఫ్ట్ 4 డెడ్ 2’ ఆటను విండోస్ నుంచి లైనక్స్‌కు తెచ్చినప్పుడు మొదట్లో దక్కిన వేగం అది. యంత్రం బలహీనమైనదేమీ కాదు. జీఫోర్స్ జీటీఎక్స్ 680 గ్రాఫిక్స్ కార్డు, 32 గిగాబైట్ల మెమరీ ఉన్న కంప్యూటర్. అదే కంప్యూటర్ విండోస్‌లో 270 ఫ్రేములు చూపించేది.

మామూలుగా మనమైతే గ్రాఫిక్స్ డ్రైవర్‌ని తిట్టి ఊరుకుంటాం. డ్రైవర్ అంటే దుబాసీ. ఆట నేరుగా కార్డుతో మాట్లాడదు. ఏం గీయాలో డైరెక్ట్‌3డీ, ఓపెన్‌జీఎల్, వల్కన్ వంటి ఏదో ఒక భాషలో చెబుతుంది. దాన్ని కార్డుకు అర్థమయ్యే ఆదేశాలుగా మార్చడం డ్రైవర్ పని. ఇక పోర్టింగ్ అంటే ఒక యంత్రం కోసం రాసిన ఆటను మరో యంత్రం మీద నడిచేలా సవరించడం.

వాల్వ్ వాళ్లు తవ్వి చూస్తే తప్పు ఒక్కచోట లేదు. లైనక్స్‌కు తగ్గట్టు మెమరీ కేటాయింపు మార్చారు. డైరెక్ట్‌3డీ పిలుపులను ఓపెన్‌జీఎల్‌లోకి మార్చే పొరను చక్కదిద్దారు. ఈ రెండూ ఆట వైపు పనులు. మూడోది డ్రైవర్‌ది: పనిని సమాంతరంగా నడిచే పలు థ్రెడ్లకు పంచుకోలేక అది మధ్యలో ఆగిపోతోంది. కార్డుల తయారీదారులతో కలిసి దాన్నీ సరిచేయించారు. చివరికి లైనక్స్‌లో 315 ఫ్రేములు వచ్చాయి, విండోస్ కంటే ఎక్కువ!

ఇంత ఓపిక అందరూ పట్టరు. 2015 జూన్‌లో వచ్చిన ‘బ్యాట్‌మన్: ఆర్ఖమ్ నైట్’ పీసీ రూపం ఖరీదైన కార్డుల మీద కూడా తడబడింది. వేగాన్ని 30 ఫ్రేములకు కట్టేసి మరీ అమ్మారు. రెండు రోజులు తిరక్కముందే అమ్మకాలు ఆపేయాల్సి వచ్చింది. అక్టోబరు చివర్లో గానీ తిరిగి పెట్టలేదు. ఇది పోర్టింగ్ తప్పు, సందేహం లేదు.

డ్రైవర్ తప్పులూ ఉంటాయి. 2022 అక్టోబరులో ఇంటెల్ విడుదల చేసిన ఆర్క్ కార్డులు డైరెక్ట్‌3డీ 9 కాలపు పాత ఆటల్లో నీరసంగా నడిచాయి. 2023 ఫిబ్రవరిలో కొత్త డ్రైవర్ ఇచ్చి, తాము ఎంచుకున్న ఆటల్లో వేగం సగటున 43 శాతం పెరిగిందని ఇంటెల్ ప్రకటించింది. ఆట మారలేదు, కార్డు మారలేదు, దుబాసీ మాత్రమే మారాడు.

చిక్కంతా ఈ రెంటి సరిహద్దులో ఉంది. మీరు ఆటలో ఒక తలుపు తీసి కొత్త గదిలో అడుగు పెట్టారు. గోడ మీద మంట వెలిగింది, తెర ఒక్క క్షణం గడ్డకట్టింది. బయటికెళ్లి మళ్లీ అదే తలుపు తీస్తే అంతా సాఫీగా ఉంది. ఆ మంటను గీసే చిన్న ప్రోగ్రామును షేడర్ అంటారు. కన్సోల్‌లో ఉండే గ్రాఫిక్స్ చిప్ ఏదో ముందే తెలుసు కాబట్టి షేడర్లను సిద్ధం చేసి డిస్కులో పెట్టేస్తారు. పీసీల్లో కార్డులు వందల రకాలు, అందుకే మీ ఇంట్లోని డ్రైవరే వాటిని కంపైల్ చేయాలి, అంటే మీ కార్డుకు అర్థమయ్యే ఆదేశాలుగా మార్చాలి. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు దక్కేది 16.7 మిల్లీసెకన్లే. కంపైల్‌కు వంద మిల్లీసెకన్లు పట్టిందా, ఆరు ఫ్రేముల కాలం తెర కదలదు. పని చేసేది డ్రైవరే అయినా, దాన్ని ఆట మొదలయ్యే ముందు కాకుండా సరిగ్గా ఆ తలుపు దగ్గర అప్పగించింది పోర్ట్ చేసినవాళ్లు. అందుకే నా లెక్కలో ఇది పోర్టింగ్ తప్పే.

సవరణ ఎక్కడ జరిగితే తప్పు అక్కడే ఉందని కూడా అనుకోకూడదు. 2022 ఫిబ్రవరిలో వచ్చిన ‘ఎల్డెన్ రింగ్’ విండోస్‌లో ఆగి ఆగి నడిచేది. కొన్ని చోట్ల అది వేలకొద్దీ కమాండ్ బఫర్లను (కార్డుకు పంపే ఆదేశాల మూటలను) ఒక్కసారిగా సృష్టించి, తమ చేతి కంప్యూటర్ స్టీమ్ డెక్‌లో విండోస్ ఆటలను నడిపే అనువాద పొర మెమరీ నిర్వహణను ఉక్కిరిబిక్కిరి చేస్తోందని వాల్వ్ ఇంజనీర్లు గుర్తించారు. ఆ పొరలో ఈ కేటాయింపులను దాచిపెట్టి మళ్లీ వాడుకునేలా చేశారు. ఆటను ముట్టుకోకుండానే అక్కడ తడబాటు బాగా తగ్గింది.

మీ ఆట తడబడితే అదే కార్డు మీద అంతే బరువైన మరో రెండు ఆటలు నడిపి చూడండి. వేరే కంపెనీ కార్డున్న మిత్రుణ్ణి అడగండి. డ్రైవర్‌ను ఒక మెట్టు వెనక్కి, ఒక మెట్టు ముందుకు మార్చి చూడండి. చూసింది చూసినట్టు, డ్రైవర్ సంఖ్యతో సహా, ఆట తయారుచేసినవాళ్లకు రాసి పంపండి.