ఒక్క గొంతులో 134 మంది

ఆడియో పుస్తకాల మీద ముఖచిత్ర కథనం కావాలి, గురువారం సాయంత్రానికల్లా అందాలి అన్నారు ఎడిటర్‌ గారు. గిన్నిస్‌ రికార్డుతో మొదలుపెట్టమని సలహా కూడా ఇచ్చారు. ఇదిగో ఒకప్పటి ఆ రికార్డు: 2003లో వచ్చిన ఐదో హ్యారీ పోటర్‌ నవల ‘ఆర్డర్‌ ఆఫ్‌ ది ఫీనిక్స్‌’ను అమెరికా శ్రోతల కోసం చదివిన రంగస్థల నటుడు జిమ్‌ డేల్‌ అందులో 134 గొంతులు పలికించారు. 2007లో ఏడో నవలకు 146.

అంకె చూసి నేనేమీ నోరెళ్లబెట్టలేదు. నేరెళ్ల వేణుమాధవ్‌ మిమిక్రీ విన్న జాతి మనది. నన్ను పట్టి ఆపింది డేల్‌ దగ్గరుండే చిన్న టేప్‌ రికార్డరు. కొత్త పాత్ర నోరు విప్పగానే ఆ గొంతులో ఒక ముక్క దాంట్లో దాచుకునేవారు. ఐదో నవల వినడానికే దాదాపు 27 గంటలు. మొదట్లో ఒక్క మాట అని వెళ్లిపోయిన చిల్లర పాత్ర నాలుగైదు వందల పేజీల తర్వాత మళ్లీ వచ్చిందనుకోండి. ఈలోగా స్టూడియోలో ఎన్నో గొంతులు మారిపోయి ఉంటాయి. టేపు వెనక్కి తిప్పి, విని, అదే గొంతు అందుకోవాలి. సినిమాలో మనిషిని ముఖం గుర్తుచేస్తుంది, అచ్చులో పేరు. చెవికి ఆధారం గొంతొక్కటే. అది తప్పిందా, పాత్ర చచ్చినట్టే! గొంతు మార్చేవాళ్లు బోలెడుమంది. మార్చినదాన్ని చివరిదాకా కాపాడేవాళ్లే తక్కువ.

ఇన్ని వేషాల మధ్య కథకుడి అసలు గొంతు మాత్రం నిలకడగా ఉండాలి. హరిదాసు మధ్యమధ్య మామూలు గొంతుకు దిగకపోతే ద్రౌపది ఎవరో దుశ్శాసనుడెవరో తెలియదు కదా.

డేల్‌ అన్నిచోట్లా నెగ్గారని అనను. ఆయన గొంతులో హ్యారీ స్నేహితురాలు హెర్మయొనీ ‘హ్యారీ’ అని తీసే దీర్ఘం చాలామందికి గిట్టదు, నాకూ గిట్టలేదు. అవే నవలల్ని బ్రిటన్‌ కోసం నటుడు స్టీఫెన్‌ ఫ్రై చదివారు. అందులో వేషం తక్కువ, కథ చెప్పడం ఎక్కువ. నా ఓటు ఆయనకే. ఒకచోట ‘హ్యారీ పాకెటెడ్‌ ఇట్‌’ అన్న మూడు ముక్కలకు నోరు తిరగక, కాస్త మార్చుకోవచ్చా అని రచయిత్రి రౌలింగ్‌ను అడిగారట. ఆవిడ ససేమిరా అన్నారు. పైగా తర్వాతి నవలలన్నిట్లోనూ ఆ ముక్కలే పెట్టారని ఫ్రై నవ్వుతూ చెబుతుంటారు.

చరిత్ర గబగబా: 1934లో అమెరికాలో, మరుసటేడు బ్రిటన్‌లో అంధుల కోసం గ్రామఫోను రికార్డుల మీద పుస్తకాలు, 1952లో న్యూయార్క్‌లో ఇద్దరు యువతులు పెట్టిన కేడ్మన్‌ సంస్థకు డిలన్‌ థామస్‌ కవితాపఠనం, ఆపైన క్యాసెట్టు, సీడీ, ఇప్పుడు ఫోను. మనకు ఆకాశవాణి నాటకాలున్నాయి, శారదా శ్రీనివాసన్‌ గొంతుంది. కాకపోతే అక్కడ పాత్రకో మనిషి.

మైకు ముందు పాట్లు

నోట్లో తడి చప్పుడు కూడా మైకు పట్టేస్తుంది. అందుకే పుస్తకం చదివేవాళ్లు చాలామంది పుల్లటి పచ్చ ఆపిల్‌ కొరికి కూర్చుంటారు. గరగరలాడే బట్టలు పనికిరావు. ఖాళీ కడుపూ పనికిరాదు, పేగుల గోల రికార్డవుతుంది. ఇంగ్లిషు పుస్తకమైతే చదివే వేగం గంటకు సుమారు 9,000 మాటలు.

కొనేముందు

ఆడియో పుస్తకాల యాప్‌లు నమూనా వినిపిస్తాయి. మొదటి వర్ణన విని మురిసిపోకండి. ఇద్దరు మాట్లాడుకునే చోటు వెతకండి. ‘అన్నాడు’, ‘అంది’ వినపడకముందే ఎవరి మాటో తెలిసిందా? కొనేయండి.