వంటయింటి ప్రయోగశాల

మన పిల్లలు పదార్థవిజ్ఞానమును చదువుచున్నారు. పదార్థములను మాత్రము చూచుట లేదు. ఆమ్లమన నేమి, క్షారమన నేమి యని యడిగిన నిర్వచనములను గడగడ నొప్పజెప్పెదరు. పసుపు మరకపై సబ్బు రాచినంతనే యది యేల యెఱ్ఱబడెనని యడిగిన నిరుత్తరులగుదురు. ఈ లోపమును తీర్చుటకు విశేషధనము వలదు. ఐదాఱేండ్ల బిడ్డను వంటయింటిలోనికి పిలిచి, కొంత మురికిని సహించిన జాలును.

పసుపునీటిలో తాంబూలపు సున్నము చిటికెడు కలిపిన నెఱ్ఱనగును; నిమ్మరసము పిండిన మరల పచ్చనగును. పసుపులోని వర్ణద్రవ్యము క్షారము సోకిన రంగు మార్చుటయే యిందలి రహస్యము. మన గృహిణులు పారాణి కలుపుట యీ ధర్మము నాధారము చేసికొనియే. బడిలో లిట్మసు కాగితము చేయు పనిని మన పోపులపెట్టె చేయగలదు.

మదనపల్లె టమాటా యంగడి దేశమెల్ల నెఱిగినదే. మెత్తబడి పారవేయదగిన టమాటాను కిలుముపట్టిన రాగిచెంబుపై రుద్దిన నా భాగము మెఱయును. చింతపండు నట్లే చేయునని బిడ్డ తానే కనిపెట్టి, రెంటికిని సమానమైనది పులుపేయని తానే పలికిన, ఆ మాట పుస్తకములోని పుట కంటె విలువైనది.

పుంగనూరు పొట్టి యావుల పాలలో వెన్న మెండని ప్రసిద్ధి. ఆ పాలు దొరకినవారు వానిని, వేఱొక యావు పాలను కాచకయే రెండు గాజుగ్లాసులలో సమముగా పోసి, చల్లనిచోట కదలింపక యుంచి, మీగడ మందమును బిడ్డచే కొలిపింపవచ్చును. ప్రసిద్ధిని నమ్ముటకు ముందు పరీక్షించుటయే శాస్త్రమునకు తొలిపాఠము. ఏది గెలుచునో బిడ్డచే ముందుగా చెప్పింపవలయును. ఊహ తప్పినను కోపింపరాదు, జవాబును తొందరపడి చెప్పరాదు.

కుప్పము ప్రాంత మీ విషయమున మార్గదర్శకము. 1999లో స్థాపితమైన అగస్త్య ప్రతిష్ఠానము అచట 172 ఎకరముల విజ్ఞానక్షేత్రమును నెలకొల్పి, ప్రయోగసామగ్రిని వాహనములలో పల్లెబడులకు పంపుచున్నది. చౌకవస్తువులతో బిడ్డలే చేసి చూచుట దాని పద్ధతి. కాని బండి సాయంకాలమునకు వెడలిపోవును. అది రేపిన ప్రశ్న యింటికి వచ్చిన, దానికి తలుపు తెఱచువారెవరు? “ఊరకుండుము, గిన్నెలు ముట్టకు”మని కసరినచో ప్రశ్న యచ్చటనే చచ్చును.

పాలు నష్టమగునందురా? కొద్దిపాటి పాలు చాలును. నేల పాడగునందురా? తుడుచుట గూడ ప్రయోగములోని భాగమే; బిడ్డచేతనే తుడిపింపుడు. అపాయము మాత్రము మేము తేలికగా చూడము. సున్నము కంటబడిన నపాయకరము. కావున సున్నమును, నిప్పును పెద్దలే ముట్టవలయును. కలిపిన దేదియు బిడ్డ నోట బెట్టరాదు.

మఱి రెండు మాటలు. వంటయిల్లు బాలికలకు చాకిరియు, బాలురకు నిషేధమును కాగూడదు. ఇరువురును ప్రక్కప్రక్కన గూర్చుండవలయును. కలిగినవారు తమ బిడ్డల కీ వేడుక చూపునాడు తమ పొలమున పనిచేయువారి బిడ్డలను గూడ పిలువవలయును. పసుపు, సున్నము, నిమ్మకాయ, ఒక యరుగు: ఇంతకు మించి యడుగుట లేదు.

ప్రశ్నింప నేర్వని బిడ్డ పెద్దవాడై యెవరేమి చెప్పినను నమ్మును. అట్టివారితో స్వరాజ్యము నిలుచుట కష్టము. ఈ యాదివారమే యొక గిన్నెడు పసుపునీరు బిడ్డ ముందుంచి, మన మొక్క గడియ మౌనముగా నుందము.