నేటాల్ పార్లమెంటుకు మనవాళ్ల అర్జీ

మన గ్రూపులో వారానికి ఒకటైనా పిటిషన్ లింకు వస్తుంది. ఐదేళ్లకొచ్చే పీఆర్‌ని పదేళ్లు చేస్తామన్న ప్రతిపాదన వచ్చినప్పుడైతే ఎన్నిసార్లు వచ్చిందో లెక్కే లేదు. ఇక్కడ యూకేలో పదివేల సంతకాలు దాటితే ప్రభుత్వం జవాబిస్తుంది, లక్ష దాటితే పార్లమెంటులో చర్చకు పెట్టాలా అని చూస్తారు. సిటిజన్‌షిప్ లేకపోయినా పర్లేదు, ఇక్కడ ఉంటున్నవాళ్లయితే చాలు. అయినా "సంతకం పెడితే ఏమొస్తుందండీ" అనేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఆ ప్రశ్నకి నేను చదివిన వాటిలో సూటైన జవాబు దక్షిణాఫ్రికాలోని నేటాల్‌లో దొరికింది.

1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయల్దేరిన 'ట్రూరో' అనే ఓడ డర్బన్ చేరింది. చెరకు తోటల్లో పని చేస్తామని ఒప్పందం రాసిన కూలీలు అందులో ఉన్నారు. 1911లో ఈ వలస ఆగిపోయేసరికి అలా వెళ్లినవాళ్లు లక్షా యాభై వేలు దాటారు. సగానికి పైగా మద్రాసు రేవు నుంచే. విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లు వాళ్లలో ఎందరో. ఓడ జాబితాల్లో ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, జిల్లా రాసి పెట్టారు. వాటి ఆధారంగానే ఇవాళ్టికీ అక్కడి నాయుడులు, రెడ్డిలు తాతముత్తాతల ఊళ్లు వెతుక్కుంటున్నారు.

1893లో నేటాల్‌కి సొంత ప్రభుత్వం వచ్చింది. మరుసటి ఏడాదే ఆ కాలనీ పార్లమెంటులో భారతీయులకు ఓటు తీసేసే బిల్లు పెట్టారు. అప్పటికి ఓటరు జాబితాలో తెల్లవాళ్లు తొమ్మిది వేల పైచిలుకు ఉంటే, మనవాళ్లు 251 మంది! అంతమాత్రానికే భయం.

కేసు పని ముగించుకుని ఇండియాకి తిరిగి వెళ్లబోతున్న గాంధీగారికి వీడ్కోలు విందులో ఈ వార్త కంటపడింది. విందు కాస్తా మీటింగు అయింది. స్పీకరుకి టెలిగ్రాం ఇస్తే చర్చ రెండు రోజులు వాయిదా పడింది. ఆ కాస్త వ్యవధిలోనే అర్జీ తయారైంది. ఒకరు చదువుతుంటే మిగతావాళ్లు రాస్తూ ఐదు కాపీలు ఒకేసారి సిద్ధం చేశారు. వ్యాపారులు సొంత బళ్లలో, లేకపోతే అద్దె బళ్లలో తిరిగి సంతకాలు పోగు చేశారు. అయినా బిల్లు పాసైపోయింది.

వాళ్లు ఊరుకోలేదు. ఈసారి లండన్‌లో వలసల మంత్రి లార్డ్ రిపన్‌కి పంపారు, రెండు వారాల్లో పదివేల సంతకాలతో. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతొకటి ఉంది. అర్జీలో ఏముందో అర్థమయ్యేలా చెప్పకుండా ఎవరి చేతా సంతకం పెట్టించకూడదని నియమం పెట్టుకున్నారు. మనమైతే లింకు తెరవకుండానే ఫార్వర్డ్ చేసేస్తాం!

లండన్ ఆ బిల్లుకి ఒప్పుకోలేదు. నేటాల్ వాళ్లు 1896లో 'ఆసియావాళ్లు' అనే మాట లేకుండా వేరే చట్టం చేశారు. సొంత దేశంలో పార్లమెంటు ఓటు లేనివాళ్లకు ఇక్కడా ఉండదని. మాట మారింది, పని మాత్రం అదే.

ఇంతకీ ఆడవాళ్ల సంగతేమిటి? అప్పుడు నేటాల్‌లో తెల్ల ఆడవాళ్లకే ఓటు లేదు. అదే బ్రిటిష్ సామ్రాజ్యంలో, ఒక్క ఏడాది ముందే, న్యూజిలాండ్ ఆడవాళ్లు దాదాపు 32 వేల సంతకాలతో ఓటు తెచ్చుకున్నారు. కాగితాలన్నీ వరసగా అతికించి, చీపురు కర్ర ముక్కకు చుట్టి పార్లమెంటుకు పంపారట. మన కూలీ ఆడవాళ్లకు అంత దూరపు ఆలోచన ఎక్కడిది, వాళ్ల నెత్తిన మూడు పౌన్ల పన్ను పడింది.

1895 చట్టం ప్రకారం ఐదేళ్ల ఒప్పందం అయ్యాక ఇండియాకి తిరిగి వెళ్లాలి, లేదా మళ్లీ ఒప్పందం రాయాలి. అక్కడే స్వేచ్ఛగా ఉండాలంటే ఏడాదికి మూడు పౌన్లు కట్టాలి. మొదట నేటాల్ వాళ్లు అడిగింది 25 పౌన్లు, ఇండియాలోని వైస్రాయి మూడుకి ఒప్పుకున్నాడు. తర్వాత 1903లో పిల్లల్నీ కలిపారు. మగపిల్లలకు 16 ఏళ్లు, ఆడపిల్లలకు 13 ఏళ్లకే! ఎందుకో తల్లులకి వేరే చెప్పక్కర్లేదు.

లెక్క చూడండి. మొగుడు, పెళ్లాం, ఈడొచ్చిన ఇద్దరు పిల్లలు ఉన్న ఇంటికి 12 పౌన్లు, అంటే 240 షిల్లింగులు. మొగుడి సంపాదన నెలకి 14 షిల్లింగులు మించేది కాదని గాంధీగారు రాశారు. ఏడాదంతా కలిపినా 168. ఇల్లు ఎలా గడుస్తుంది? కట్టలేక ఎందరో మళ్లీ తోటల్లోకే ఒప్పందం రాసి వెళ్లారు. చట్టం కోరుకున్నదీ అదే.

దీని మీదా ఏళ్ల తరబడి అర్జీలు పెట్టారు. 1910లో వచ్చిన సడలింపల్లా, ఆడవాళ్లను మేజిస్ట్రేటు తలుచుకుంటే వదిలేయొచ్చని. 1913 మార్చిలో ఇంకో పిడుగు పడింది. క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్లిళ్లు చెల్లవని కోర్టు తీర్పు. డిపెండెంట్ వీసా మీద వచ్చిన మనకి ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో తెలుసు. అప్పుడు ఆడవాళ్లే రోడ్డు మీదకొచ్చారు. ట్రాన్స్‌వాల్ నుంచి వచ్చిన తమిళ స్త్రీలు న్యూకాజిల్ బొగ్గు గనుల దగ్గర కూలీలతో మాట్లాడి సమ్మె చేయించారు. కస్తూర్బా మూడు నెలలు జైల్లో ఉన్నారు. వల్లియమ్మ అనే పదహారేళ్ల పిల్ల జైలు నుంచి జ్వరంతో వచ్చి, 1914 ఫిబ్రవరిలో చనిపోయింది.

ఆ ఏడాదే మూడు పౌన్ల పన్ను రద్దయింది, పెళ్లిళ్లకూ గుర్తింపు వచ్చింది. అర్జీలు ఒక్కటే ఆ పని చేశాయని నేననను, సమ్మె లేకపోతే అయ్యేది కాదు. కానీ కొత్తవాడైన ఒక వకీలుకి, ఊరూరా ఉన్న కూలీలకి పరిచయం కుదిరింది ఆ సంతకాల కోసం తిరిగిన బళ్ల వల్లే అని నాకనిపిస్తుంది. ఆ అర్జీల వేడిలోనే 1894 ఆగస్టులో నేటాల్ ఇండియన్ కాంగ్రెస్ కూడా పుట్టింది.

ఓటు మాత్రం అంత తొందరగా రాలేదు. అక్కడి భారతీయులు, దేశంలోని నల్లవాళ్లందరితో పాటు సమానంగా ఓటేసింది 1994 ఏప్రిల్‌లో.